డెవలప్‌మెంట్ పనికి ఫైల్ మేనేజర్‌ని ఎలా ఎంచుకోవాలి?

కోడింగ్ పనికి ఏ ఫైల్ మేనేజర్ (ఫైళ్లు, ఫోల్డర్లు చూపించి, జరిపే ప్రోగ్రామ్) మంచిదని అడిగితే ఎవరికి అలవాటైన పేరు వాళ్లు చెబుతారు. ఆ పేరు విని ఇన్‌స్టాల్ చేసుకుంటే వారం తర్వాత మళ్లీ పాతదానికే వచ్చేస్తారు. అందుకే ఇక్కడ పేర్ల కంటే పద్ధతికే ఎక్కువ చోటిచ్చాను. మీ మెషీన్ మీద, మీరు రోజూ చేసే పనుల మీద పరీక్షించి మీరే తేల్చుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డెవలపర్‌కి ఫైల్ మేనేజర్ దగ్గర కావలసినవి రెండు. ఒకటి, అది మీ ఫైళ్లను మీకు తెలియకుండా మార్చకూడదు. రెండు, అక్కడి నుంచి టెర్మినల్‌కీ (కమాండ్‌లు టైప్ చేసే విండో) ఎడిటర్‌కీ (కోడ్ రాసే ప్రోగ్రామ్), తిరిగి వెనక్కీ ఒకటి రెండు కీలతో వెళ్లగలగాలి. ఐకాన్లు, థీములు, యానిమేషన్లు ఆ తర్వాతి సంగతి. ఈ రెండింటిలో ఒకటి లేకపోయినా ఆ ఫైల్ మేనేజర్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ముందుగా కావలసినవి

- గిట్ (ఫైళ్లలో మార్పుల హిస్టరీని దాచి ఉంచే టూల్) ఇన్‌స్టాల్ అయి ఉండాలి. పరీక్షకు గిట్‌నే కొలబద్దగా వాడతాం.
- పోయినా ఫర్వాలేదనుకునే ఒక ఖాళీ ఫోల్డర్. నిజమైన ప్రాజెక్టు మీద ఈ పరీక్షలు చేయకండి.
- ఇప్పుడు వాడుతున్న ఫైల్ మేనేజర్, దానికి పోటీగా ఇంకొకటి. ఒకేసారి నాలుగైదు పెట్టుకుంటే దేన్నీ సరిగ్గా చూడలేరు.
- ఖాళీగా ఉన్న ఒక గంట.

1. మీరు చేసే పనేమిటో రాసుకోండి

రెండు రోజుల పాటు ఫైల్ మేనేజర్ తెరిచిన ప్రతిసారీ ఎందుకు తెరిచారో ఒక ముక్క రాసుకోండి. "డౌన్‌లోడ్ అయిన జిప్‌ని ప్రాజెక్టులోకి తెచ్చాను", "స్క్రీన్‌షాట్ల పేర్లు మార్చాను", "సర్వర్ నుంచి లాగ్ ఫైల్ దించాను", ఇలా. జాబితా చూస్తే మీకు అవసరమైనది తెలిసిపోతుంది. రెండు ఫోల్డర్ల మధ్య ఫైళ్లు అటూ ఇటూ జరపడమే ఎక్కువైతే రెండు పేన్‌లు, అంటే ఒకే విండోలో పక్కపక్కన రెండు ఫోల్డర్లు కావాలి. సర్వర్ పని ఎక్కువైతే ఎస్‌ఎఫ్‌టీపీ (సర్వర్‌తో నెట్‌వర్క్ మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) కావాలి. ఊరికే ఫోల్డర్ తెరిచి చూసి మూసేస్తున్నారా? అయితే సిస్టమ్‌తో వచ్చినదే చాలు, తర్వాతి అడుగులోని సెట్టింగ్‌లు మార్చుకుని ఆగిపోవచ్చు.

2. ఉన్నదాన్ని ముందు సరిచేయండి

"మా ఫైల్ మేనేజర్ బాగోలేదు" అనేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది డిఫాల్ట్ సెట్టింగ్‌లతోనే. అవి మామూలు యూజర్ కోసం పెట్టినవి. మనకు మూడు కనిపించాలి: దాగున్న ఫైళ్లు, పూర్తి ఎక్స్‌టెన్షన్ (పేరులో చుక్క తర్వాతి భాగం), పూర్తి పాత్ (ఫైల్ ఏ ఫోల్డర్లలో ఉందో చెప్పే అడ్రస్).

విండోస్ 11 ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోని షో దగ్గరకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్, హిడెన్ ఐటమ్స్ రెండూ ఆన్ చేయండి. ఎక్స్‌టెన్షన్ దాచి ఉంచితే, పేరు చివర డాట్ జేసన్ అని మీరు టైప్ చేసిన ఫైల్ నిజానికి డాట్ జేసన్ డాట్ టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది. కాన్ఫిగ్ ఫైల్ ఎందుకు లోడ్ కావడం లేదా అని గంటలు పోతాయి.

మ్యాక్ ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క కలిపి నొక్కితే దాగున్న ఫైళ్లు కనిపిస్తాయి. ఆప్షన్, కమాండ్, పీ నొక్కితే కింద పాత్ బార్ వస్తుంది. కమాండ్, షిఫ్ట్, జీ నొక్కి పాత్ టైప్ చేసి నేరుగా అక్కడికి వెళ్లొచ్చు. ఫైండర్‌లో ఫైళ్లకు కట్ లేదని చాలామంది విసుక్కుంటారు. మామూలుగా కాపీ చేసి, పేస్ట్ చేసేటప్పుడు ఆప్షన్, కమాండ్, వీ నొక్కండి, ఫైల్ అక్కడికి జరుగుతుంది.

లినక్స్‌లో దాదాపు అన్నింటిలోనూ కంట్రోల్, హెచ్ నొక్కితే దాగున్న ఫైళ్లు వస్తాయి. పాత్ టైప్ చేయడానికి నాటిలస్, నెమో, థునార్ అనే ఫైల్ మేనేజర్లలో కంట్రోల్, ఎల్. డాల్ఫిన్‌లో ఎఫ్6.

ఈ సెట్టింగ్‌లతో రెండు రోజులు పని చేసి చూడండి. కొత్తదాని అవసరమే లేదని ఇక్కడే తేలిపోవచ్చు.

3. పోటీదారును ఎంచుకోండి

నా సలహాలు సూటిగా:

లినక్స్‌లో కేడీఈ డెస్క్‌టాప్ వాడుతుంటే డాల్ఫిన్ మీ దగ్గర ఉన్నట్టే, వేరేది వెతకనక్కరలేదు. ఎఫ్3 నొక్కితే రెండు పేన్‌లు, ఎఫ్4 నొక్కితే అదే విండో అడుగున టెర్మినల్. మీరు ఫోల్డర్ మారితే టెర్మినల్ కూడా వెంట వస్తుంది. డాల్ఫిన్ ప్లగిన్స్ ప్యాకేజీ వేసుకుంటే గిట్‌లో ఏ ఫైల్ మారిందో ఐకాన్ మీదే గుర్తు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో వర్షన్ కంట్రోల్ కింద గిట్‌ని ఆన్ చేయడం మరిచిపోకండి. ప్యాకేజీ వేసినంత మాత్రాన గుర్తులు రావు.

గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు నాటిలస్ వస్తుంది. మెనూలో దాని పేరు ఫైల్స్ అనే ఉంటుంది. శుభ్రంగా, వేగంగా ఉంటుంది కానీ రెండు పేన్‌లు ఉండవు. ఆ సౌకర్యాన్ని 2012లో 3.6 వర్షన్‌తో తీసేశారు. ఇంకో తేడా ఉంది. అక్షరాలు టైప్ చేస్తే ఆ పేరున్న ఫైల్ దగ్గరకు దూకదు, సెర్చ్ మొదలుపెడుతుంది. కీబోర్డుతో పని చేసేవాళ్లకు ఇది పంటి కింద రాయిలా తగులుతుంది. అలా అనిపిస్తే నెమో చూడండి. అదే 2012లో నాటిలస్ నుంచి విడిపోయి వచ్చింది, ఎఫ్3తో రెండు పేన్‌లు దానిలో ఉన్నాయి.

పాత మెషీన్ అయినా, తేలికగా ఉండాలన్నా థునార్. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.18 నుంచి దానికీ రెండు పేన్‌లు వచ్చాయి. దాని అసలు బలం కస్టమ్ యాక్షన్స్. వాటి గురించి ఆరో అడుగులో చెబుతాను.

విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్‌కి 2022లో ట్యాబ్‌లు వచ్చాక చాలామందికి అదే సరిపోతోంది. ఫైళ్లు రోజంతా అటూ ఇటూ జరిపే పని ఉంటే టోటల్ కమాండర్ లేదా డబుల్ కమాండర్. టోటల్ కమాండర్ షేర్‌వేర్, గడువు తర్వాత కొనాలి. డబుల్ కమాండర్ ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. ఆఫీసులో ఒక సిస్టమ్, ఇంట్లో మరో సిస్టమ్ వాడేవాళ్లకు ఈ చివరి మాట చాలా విలువైనది. చేతికి అలవాటైన కీలు ఎక్కడికి వెళ్లినా మారవు.

టెర్మినల్ వదిలి రావడం ఇష్టం లేనివాళ్లకు మిడ్‌నైట్ కమాండర్, రేంజర్, యాజీ లాంటివి ఉన్నాయి. వీటిలో రేంజర్, యాజీల కీలు విమ్ ఎడిటర్‌ని పోలి ఉంటాయి. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు మెషీన్‌లోకి టెర్మినల్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లినప్పుడు కూడా ఇవి పని చేస్తాయి. గ్రాఫికల్ ఫైల్ మేనేజర్‌కి మామూలుగా అది కుదరదు.

4. పరీక్ష ఫోల్డర్ తయారు చేయండి

ఈ అడుగును తొందరపడి దాటేయకండి. ఏ గిట్ రిపోలోనూ (గిట్ హిస్టరీ ఉంచే ప్రాజెక్టు ఫోల్డర్) లేని చోట ఒక ఫోల్డర్ చేసి, అందులో ఇవి పెట్టండి:

- చుక్కతో మొదలయ్యే ఒక ఫైల్. లోపల ఉత్తుత్తి రాత చాలు, నిజమైన పాస్‌వర్డ్‌లు వద్దు.
- ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ప్రోగ్రామ్‌లా నడిపే అనుమతి) ఇచ్చిన చిన్న షెల్ స్క్రిప్ట్ (కమాండ్‌లు రాసిన ఫైల్).
- పక్కనున్న ఫైల్‌కి ఒక సిమ్‌లింక్ (వేరే ఫైల్‌నో ఫోల్డర్‌నో చూపించే లింక్), పక్కనున్న ఫోల్డర్‌కి ఇంకొకటి. ఆ ఫోల్డర్‌లో ఒక ఫైల్ అయినా ఉండాలి, ఖాళీ ఫోల్డర్లను గిట్ పట్టించుకోదు.
- లేని ఫైల్‌ని చూపించే తెగిపోయిన సిమ్‌లింక్.
- పేరులో స్పేస్ ఉన్న ఫైల్, తెలుగులో పేరున్న ఫైల్.

ఇప్పుడు గిట్ ఇనిట్ (ఫోల్డర్‌ని గిట్ రిపోగా మార్చే కమాండ్) చేసి అన్నింటినీ కమిట్ చేయండి, అంటే హిస్టరీలో భద్రపరచండి. గిట్ స్టేటస్ కొడితే మార్పులేమీ లేవని రావాలి. దీనికి బయట, వేరే ఫోల్డర్‌లో పది వేల ఖాళీ ఫైళ్లు కూడా సృష్టించుకోండి. లినక్స్, మ్యాక్‌లలో టచ్ కమాండ్‌తో ఒక్క లైన్‌లో అయిపోతుంది.

తెలుగు పేరున్న ఫైల్ గిట్ స్టేటస్‌లో బ్యాక్‌స్లాష్‌లు, అంకెలుగా కనిపిస్తే టెన్షన్ పడకండి. ఫైల్ పాడవలేదు. గిట్ ఇంగ్లీషేతర అక్షరాలను అలా చూపిస్తుంది. కోర్ డాట్ కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే అక్షరాలు మామూలుగా కనిపిస్తాయి.

విండోస్‌లో సిమ్‌లింక్‌ల భాగం వదిలేయొచ్చు. డెవలపర్ మోడ్ లేదా అడ్మిన్ హక్కులు లేకపోతే అక్కడ సిమ్‌లింక్‌లు సృష్టించడమే కుదరదు. వాటికి బదులు బాగా లోతుగా, పొడవాటి పేర్లతో ఒకదానిలో ఒకటి ఫోల్డర్లు చేయండి. విండోస్‌లో పాత్ పొడవుకు 260 అక్షరాల పాత పరిమితి ఉంది. విండోస్ 10లో 1607 వర్షన్ నుంచి ఆ పరిమితిని ఎత్తేసే సెట్టింగ్ వచ్చింది కానీ ప్రోగ్రామ్ కూడా దానికి సిద్ధంగా ఉండాలి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ని (జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో ప్యాకేజీలు ఉండే చోటు) కాపీ చేస్తూ మధ్యలో ఆగిపోయిన అనుభవం ఉంటే కారణం ఇదే కావచ్చు.

5. కాపీ పరీక్ష

నా లెక్కలో మొత్తం గైడ్‌లో ముఖ్యమైన అడుగు ఇదే. దాగున్న ఫైళ్లను కనిపించకుండా చేసి, పరీక్ష ఫోల్డర్ లోపలికి వెళ్లి, కంట్రోల్, ఏ (మ్యాక్‌లో కమాండ్, ఏ) నొక్కి అన్నీ సెలెక్ట్ చేసి, అదే డిస్క్ మీద ఇంకో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఆ కాపీలో గిట్ స్టేటస్ కొట్టండి.

ఇది గిట్ రిపోజిటరీ కాదని వస్తే, కనిపించని ఫైళ్లు కాపీ కాలేదని అర్థం. గిట్ హిస్టరీ ఉండే డాట్ గిట్ ఫోల్డర్ అక్కడే ఉండిపోయింది. లినక్స్, మ్యాక్‌లలో చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ దాగుంటాయి. విండోస్‌లో చుక్క ఉన్నంత మాత్రాన ఫైల్ దాక్కోదు, కానీ గిట్ తన ఫోల్డర్‌కి హిడెన్ గుర్తు పెడుతుంది. ప్రాజెక్టు బ్యాకప్ తీసుకున్నాననుకుని హిస్టరీ మొత్తం పోగొట్టుకునేది ఇలాగే. అలవాటు చేసుకోవలసింది ఒక్కటే: ప్రాజెక్టు లోపలికి వెళ్లి అన్నీ సెలెక్ట్ చేయకండి. బయట నిలబడి ప్రాజెక్టు ఫోల్డర్‌నే కాపీ చేయండి. అప్పుడు దాగున్నవి కూడా వెంట వస్తాయి.

ఇప్పుడు ఆ పద్ధతిలో మళ్లీ కాపీ చేసి, గిట్ స్టేటస్ ఏం చెబుతుందో చూడండి.

- మార్పులేమీ లేవంటే పాసైనట్టే.
- ఒక ఫైల్ పక్కన టైప్‌చేంజ్ అని వస్తే, సిమ్‌లింక్‌ని అలాగే కాపీ చేయకుండా అది చూపించే ఫైల్‌ని తెచ్చి పెట్టింది.
- ఫోల్డర్ లింక్ డిలీట్ అయినట్టు, అదే పేరుతో ట్రాక్ కాని కొత్త ఫోల్డర్ వచ్చినట్టు చూపిస్తే అదీ అదే జబ్బు.
- గిట్ డిఫ్‌లో పాత మోడ్ 100755, కొత్త మోడ్ 100644 అని కనిపిస్తే స్క్రిప్ట్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ పోయింది.
- తెగిపోయిన లింక్ దగ్గర ఎర్రర్ ఇచ్చి మొత్తం కాపీనే ఆపేస్తే అది పెద్ద లోపం. దాటేసి ముందుకు వెళ్తూ మీకు చెబితే ఫర్వాలేదు. చెప్పకుండా దాటేస్తే దాన్ని నమ్మకండి.

రెండు పేన్‌ల ఫైల్ మేనేజర్లలో కొన్నింటికి కాపీ డైలాగ్‌లో సిమ్‌లింక్‌లను ఏం చేయాలన్న ఆప్షన్ ఉంటుంది. డబుల్ కమాండర్, మిడ్‌నైట్ కమాండర్ అలాంటివి. ఫెయిల్ అయిందని తీర్మానించే ముందు ఆ ఆప్షన్ చూడండి.

గిట్ పట్టుకోలేని లోపం ఒకటుంది, దాన్ని చేత్తో చూడాలి. సిమ్‌లింక్ పూర్తి పాత్‌తో చేసినదైతే, కాపీలోని లింక్ కూడా పాత ఫోల్డర్‌నే చూపిస్తుంది. గిట్ స్టేటస్ శుభ్రంగానే ఉంటుంది. మీరు కాపీలో ఎడిట్ చేస్తున్నాననుకుంటూ అసలు ప్రాజెక్టునే మార్చేస్తారు. ఎల్‌ఎస్ కమాండ్‌ని ఎల్ ఆప్షన్‌తో కొట్టి, బాణం గుర్తు తర్వాత ఏ పాత్ ఉందో చదవండి. ఇది ఫైల్ మేనేజర్ తప్పు కాదు, లింక్ చేసిన తీరు అలాంటిది.

మేక్ లాంటి బిల్డ్ టూల్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) వాడేవాళ్లు ఇంకొకటి చూడండి: కాపీ అయిన ఫైళ్ల మీద మాడిఫైడ్ తేదీ పాతదే ఉందా, కాపీ చేసిన సమయం పడిందా? తేదీలు మారితే మేక్ మొత్తం మళ్లీ బిల్డ్ చేయవచ్చు.

పెన్‌డ్రైవ్ మీద ఈ పరీక్ష చేసి ఫైల్ మేనేజర్‌ని తిట్టకండి. పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. వాటిలో సిమ్‌లింక్‌లకూ యూనిక్స్ పర్మిషన్‌లకూ చోటే లేదు. ప్రాజెక్టును అలా తీసుకెళ్లాలంటే టార్ ఆర్కైవ్ (అన్నీ కలిపిన ఒకే ఫైల్) చేయండి, లేదా గిట్ బండిల్‌తో హిస్టరీ అంతా ఒకే ఫైల్‌గా మార్చుకోండి.

6. టెర్మినల్, ఎడిటర్ రాకపోకలు

ఎటు నుంచి ఎటైనా ఎన్ని కీలు పడుతున్నాయో లెక్కపెట్టండి.

ఫైల్ మేనేజర్ నుంచి టెర్మినల్‌కి: డాల్ఫిన్‌లో ఎఫ్4, బయటి విండో కావాలంటే షిఫ్ట్, ఎఫ్4. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే ఆ ఫోల్డర్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది. తెలియనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఫైండర్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి సర్వీసెస్ కింద న్యూ టెర్మినల్ ఎట్ ఫోల్డర్ చూడండి.

టెర్మినల్ నుంచి వెనక్కి: లినక్స్‌లో ఎక్స్‌డీజీ-ఓపెన్, మ్యాక్‌లో ఓపెన్, విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఒక చుక్క. ఉన్న ఫోల్డర్ విండోలో తెరుచుకుంటుంది.

పాత్ కాపీ చేయడం: విండోస్ 11లో కంట్రోల్, షిఫ్ట్, సీ. ఫైండర్‌లో ఆప్షన్, కమాండ్, సీ. డాల్ఫిన్‌లో రైట్ క్లిక్ మెనూలో కాపీ లొకేషన్ ఉంటుంది. ఏదీ గుర్తులేకపోతే ఫైల్‌ని టెర్మినల్ విండోలోకి లాగి వదలండి, చాలా టెర్మినల్స్‌లో పాత్ దానంతటదే పడుతుంది.

ఎడిటర్‌లో తెరవడానికి రైట్ క్లిక్ మెనూలో మీ సొంత ఎంట్రీ పెట్టుకోవచ్చు. థునార్‌లో ఎడిట్ మెనూలోని కాన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్‌లో కొత్తది చేర్చి, కమాండ్ దగ్గర ఎడిటర్ పేరు, దాని పక్కన పర్సెంట్ గుర్తు, చిన్న ఎఫ్ రాయండి. అన్నీ సరిగ్గా రాసినా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎంట్రీ కనిపించడం లేదంటే, అప్పియరెన్స్ కండిషన్స్ ట్యాబ్‌లో డైరెక్టరీస్ టిక్ చేయలేదన్నమాట. డిఫాల్ట్‌గా టెక్స్ట్ ఫైళ్లకు మాత్రమే టిక్ ఉంటుంది. నాటిలస్‌లో అయితే హోమ్ ఫోల్డర్‌లోని డాట్ లోకల్, అందులో షేర్, అందులో నాటిలస్, అందులో స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో మీ స్క్రిప్ట్ పెట్టి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి. పర్మిషన్ ఇవ్వకపోతే స్క్రిప్ట్ మెనూలోకే రాదు.

ఎంట్రీ తయారయ్యాక, పేరులో స్పేస్ ఉన్న ఫైల్ మీదే దాన్ని మొదట ప్రయత్నించండి. ఎడిటర్‌లో లేని పేర్లతో రెండు ఖాళీ ఫైళ్లు తెరుచుకుంటే కొటేషన్ల లెక్క తప్పింది.

ఒక హెచ్చరిక: డాల్ఫిన్ అడుగున ఉన్న టెర్మినల్‌లో డెవలప్‌మెంట్ సర్వర్‌ని నడపకండి. ఆ విండో మూసేస్తే సర్వర్ కూడా పోతుంది. అక్కడ చిన్న చిన్న కమాండ్‌లు కొట్టుకోండి, ఎక్కువసేపు నడిచేవాటికి విడిగా టెర్మినల్ ఉండాలి.

7. డిలీట్, పెద్ద ఫోల్డర్లు, సెర్చ్

పది వేల ఫైళ్ల ఫోల్డర్‌ని తెరవండి. స్క్రోల్ చేస్తే తడబడుతోందా, టైప్ చేసిన పేరు దగ్గరకు వెంటనే వెళ్తోందా చూడండి. ఇప్పుడు పోయినా ఫర్వాలేని పెద్ద ఫైల్ ఒకటి అందులో పెట్టి, ఆ ఫోల్డర్‌ని మామూలుగా డిలీట్ చేసి డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో గమనించండి. పెరగదు, ఎందుకంటే ఫైళ్లు ట్రాష్‌లోకి మాత్రమే వెళ్లాయి. నోడ్ మాడ్యూల్స్, బిల్డ్ ఫోల్డర్లు ఇలా తీసేస్తూ పోతే డిస్క్ నిండిపోతుంది, కారణం అంతుపట్టదు. వాటిని విండోస్, లినక్స్‌లలో షిఫ్ట్, డిలీట్‌తోనో టెర్మినల్‌లోనో తీయండి. షిఫ్ట్, డిలీట్‌కి వెనక్కి తిరిగే దారి లేదు, కాబట్టి సెలెక్షన్ చూసుకుని నొక్కండి.

లినక్స్‌లో ప్రాజెక్టులు వేరే పార్టిషన్‌లో ఉంటే దాని పై స్థాయిలో డాట్ ట్రాష్ హైఫన్ 1000 అనే ఫోల్డర్ కనిపించవచ్చు. 1000 అన్నది మీ యూజర్ ఐడీ. వైరస్ కాదు, ఆ పార్టిషన్‌కి సంబంధించిన ట్రాష్ అదే.

సెర్చ్ గురించి నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది: కోడ్ లోపల వెతకడానికి ఫైల్ మేనేజర్‌ని వాడకండి. ఆ పనికి ఎడిటర్, గిట్ గ్రెప్, రిప్‌గ్రెప్ ఉన్నాయి. ఫైల్ మేనేజర్‌లో పేరుతో వెతకడం, ఉన్న ఫోల్డర్‌లో ఫిల్టర్ చేయడం బాగుంటే చాలు. డాల్ఫిన్‌లో ఫిల్టర్‌కి కంట్రోల్, ఐ.

డెస్క్‌టాప్ ఇండెక్సింగ్‌ని మాత్రం తప్పక చూడండి. కేడీఈలో బలూ, మ్యాక్‌లో స్పాట్‌లైట్, విండోస్‌లో విండోస్ సెర్చ్ ఇవన్నీ వెనక నుంచి ఫైళ్లను చదువుతూ ఉంటాయి. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసిన ప్రతిసారీ ఫ్యాన్ మోగుతోందంటే వీటిని అనుమానించండి. సెట్టింగ్స్‌లో మీ ప్రాజెక్టుల ఫోల్డర్‌ని మినహాయించండి. లినక్స్‌లో డిస్క్ ఖాళీగా ఉన్నా ఏదైనా టూల్ స్పేస్ లేదని ఎర్రర్ ఇస్తే, అది డిస్క్ గురించి కాకపోవచ్చు. ఫైళ్ల మీద నిఘా పెట్టే ఐనోటిఫై వాచ్‌లకు ఒక పరిమితి ఉంటుంది. ఎడిటర్, బిల్డ్ టూల్, ఇండెక్సర్ మూడూ కలిసి దాన్ని నింపేస్తాయి.

8. సర్వర్లు, అడ్మిన్ ఫైళ్లు, డబ్ల్యూఎస్‌ఎల్

నాటిలస్, నెమో, డాల్ఫిన్‌లలో అడ్రస్ దగ్గర ఎస్‌ఎఫ్‌టీపీ అడ్రస్ కొడితే సర్వర్ ఫోల్డర్ మామూలు ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది. లాగ్‌లు చూడటానికి, ఒకటి రెండు ఫైళ్లు దించుకోవడానికి బాగుంటుంది. మొత్తం ప్రాజెక్టును అలా తెరిచి ఎడిటర్‌లో పని చేయకండి. ప్రతి చిన్న పనికీ నెట్‌వర్క్ మీద వెళ్లి రావాలి. దానికి ఎడిటర్‌కి ఉన్న రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ సౌకర్యమో, ఫైళ్లను సింక్ చేసే ఆర్‌సింకో సరైనది.

సిస్టమ్ ఫైళ్లు మార్చడానికి ఫైల్ మేనేజర్‌ని సూడోతో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) తెరవకండి. మీ హోమ్‌లోని దాని సెట్టింగ్ ఫైళ్లు రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీదకు మారిపోయి, తర్వాత మామూలుగా తెరిచినప్పుడు చిత్రమైన ఇబ్బందులు వస్తాయి. నాటిలస్‌లో అడ్మిన్ అని, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి పాత్ రాస్తే పాస్‌వర్డ్ అడిగి తెరుస్తుంది. డాల్ఫిన్‌కి కేఐఓ అడ్మిన్ అనే ప్యాకేజీ వేసుకుంటే ఇదే సదుపాయం వస్తుంది.

విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే సదుపాయం) వాడేవాళ్లు, లినక్స్ టూల్స్‌తో నడిపే ప్రాజెక్టును లినక్స్ వైపే ఉంచండి. సీ డ్రైవ్‌లో పెట్టి అటు నుంచి నడిపితే గిట్ స్టేటస్ కూడా నత్తనడక నడుస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌తో ఆ ఫోల్డర్‌లోకి డౌన్‌లోడ్ ఫైళ్లు లాగితే పక్కన జోన్ డాట్ ఐడెంటిఫయర్ అని ముగిసే చిన్న ఫైళ్లు పుట్టవచ్చు. ఇంటర్నెట్ నుంచి వచ్చిందన్న విండోస్ గుర్తు అలా బయటపడుతుంది. వాటిని కమిట్ చేయకుండా తీసేయండి.

9. డిఫాల్ట్‌గా మార్చి, మూడు దారుల్లో సరిచూడండి

లినక్స్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్ దగ్గర ఫైల్ మేనేజర్‌ని మార్చే చోటు ఉంటే మార్చండి. లేకపోతే ఎక్స్‌డీజీ-మైమ్ కమాండ్‌తో ఫోల్డర్లకు కొత్తదాన్ని కేటాయించవచ్చు. తర్వాత ఇవి చూడండి:

- టెర్మినల్‌లో ఎక్స్‌డీజీ-ఓపెన్, చుక్క.
- ఎడిటర్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అది ఉన్న ఫోల్డర్‌ని తెరవమనడం.
- బ్రౌజర్ డౌన్‌లోడ్స్‌లో షో ఇన్ ఫోల్డర్.

మొదటిది కొత్తదాన్ని తెరిచి, మూడోది పాతదాన్ని తెరిస్తే కంగారు పడకండి. షో ఇన్ ఫోల్డర్ పని డీబస్ (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ) ద్వారా వేరే దారిలో వెళ్తుంది, ఆ పేరును ముందుగా ఎవరు పట్టుకుంటే వాళ్లే తెరుస్తారు. లాగౌట్ అయి, మళ్లీ వచ్చి, కొత్త ఫైల్ మేనేజర్‌ని ముందు తెరిచి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఫైల్ మేనేజర్ మారిస్తే ఓపెన్, సేవ్ డైలాగ్‌లు కూడా మారతాయని చాలామంది ఎదురుచూస్తారు. మారవు. అవి ఆ అప్లికేషన్ టూల్‌కిట్‌వో (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) డెస్క్‌టాప్‌వో, మీరు ఎంచుకున్న ఫైల్ మేనేజర్‌వి కావు.

విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని పూర్తిగా తీసేసే ప్రయత్నం చేయకండి. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ నడిపేది కూడా అదే. కొత్తదాన్ని టాస్క్‌బార్‌కి పిన్ చేసుకుని వాడితే చాలు.

తరచూ జరిగే పొరపాట్లు

లాగడంలో తేడా: ఒకే డిస్క్‌లో లాగితే ఫైల్ జరుగుతుంది, వేరే డిస్క్‌కి లాగితే కాపీ అవుతుంది. ఎక్స్‌ప్లోరర్, ఫైండర్, నాటిలస్ తీరు ఇదే. డాల్ఫిన్ సాధారణంగా ఏం చేయాలో అడుగుతుంది. చెయ్యి జారి సోర్స్ ఫోల్డర్ పక్క ఫోల్డర్‌లో పడితే గిట్ స్టేటస్‌లో పదుల కొద్దీ డిలీట్‌లు కనిపిస్తాయి. అప్పుడు గాభరాగా గిట్ రీసెట్ హార్డ్ కొట్టకండి, కమిట్ చేయని మార్పులు పోతాయి. ముందు ఫైల్ మేనేజర్‌లోనే కంట్రోల్, జెడ్ (మ్యాక్‌లో కమాండ్, జెడ్) నొక్కి చూడండి.

అన్‌డూ అతిగా నొక్కడం: కాపీని అన్‌డూ చేస్తే ఆ కాపీ డిలీట్ అవుతుంది. మధ్యలో దానిలో ఎడిట్ చేసి ఉంటే ఆ పని కూడా దానితోపాటే పోతుంది.

పేరులో అక్షరాల సైజు మాత్రమే మార్చడం: విండోస్, మ్యాక్‌ల డిఫాల్ట్ ఫైల్ సిస్టమ్‌లకు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్‌కి వేర్వేరు. ఫైల్ మేనేజర్‌లో మొదటి అక్షరం పెద్దది చేస్తే మీ మెషీన్‌లో అంతా బాగానే నడుస్తుంది. గిట్ ఆ మార్పును గమనించకపోవచ్చు, లినక్స్ సర్వర్ మీద ఇంపోర్ట్ ఫెయిల్ అవుతుంది. ఇలాంటి పేర్ల మార్పు గిట్ ఎంవీతోనే చేయండి. మామూలు పేర్ల మార్పుకు ఆ భయం లేదు. ఫైల్‌లోని విషయం ఎంత పోలి ఉందో చూసి గిట్ తనంతట తానే గుర్తుపడుతుంది. ఇంపోర్ట్‌లు కూడా మారాలంటే మాత్రం ఎడిటర్ నుంచే మార్చండి, ఫైల్ మేనేజర్‌కి మీ కోడ్ గురించి తెలియదు.

విండోస్‌లో బిల్డ్ క్లీన్ ఫెయిల్ కావడం: ఫోల్డర్ వాడకంలో ఉందని వస్తే, ఎక్స్‌ప్లోరర్ ప్రివ్యూ పేన్ ఆ ఫైల్‌ని పట్టుకుని ఉందేమో, ఆ ఫోల్డర్‌లో నిలబడి ఏదైనా టెర్మినల్ తెరిచి ఉందేమో చూడండి. ప్రివ్యూ పేన్ మూసేస్తే చాలాసార్లు సరిపోతుంది.

కొత్త ఫైల్ మేనేజర్‌ని రెండు వారాలు వాడి, మొదట రాసుకున్న జాబితా పక్కన పెట్టి చూడండి. ఇంకా మౌస్‌తో మెనూల్లో వెతుకుతున్న పని ఏదైనా ఉంటే దానికి ఒక షార్ట్‌కట్ పెట్టుకోండి. పాతదాన్ని తీసేయాలనిపిస్తే, అది మీ డెస్క్‌టాప్‌తో వచ్చినదైతే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. ప్యాకేజీ మేనేజర్ దానితోపాటు డెస్క్‌టాప్ ప్యాకేజీలను కూడా తీసేస్తానని అడగవచ్చు. ఆ జాబితా చదవకుండా ఎస్ కొట్టకండి.